గాదె మీద పెట్టిన అడ్డురాయి

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక ఏరు. ఏటికి అవతల కొండగట్టు, ఇవతల రెల్లుగట్టు. రెండూ కలిసి ఒకే అడవి. అయినా ఒక గట్టువాళ్లకు ఇంకో గట్టువాళ్ల మీద ఎప్పుడూ కాస్త అనుమానమే. మీరిద్దరూ ఒకే మంచం మీద పడుకుని దుప్పటి కోసం గుంజుకుంటారు చూడండి, అలాగన్నమాట.

రెల్లుగట్టుకు పెద్ద ఒక ముళ్లపంది. పేరు ఏదులయ్య. మాట గట్టిది, గుండె గట్టిది. తనను నమ్ముకున్న ఎలుకల్ని ఎన్నోసార్లు పాముల బారినుంచి కాపాడాడు. అన్నీ మంచి గుణాలే, ఒక్కటి తప్ప. ఎవరికైనా మంచి జరిగిందని వింటే చాలు, అతని ముళ్లు నిక్కబొడుచుకునేవి.

"ఏమిటి ఏదులన్నా, ముళ్లు లేచాయి?" అని ఎవరైనా అడిగితే, "చలిగాలి తగిలింది" అనేవాడు.

మండుటెండలో కూడా అదే మాట. నవ్వకండి. మనకు ముళ్లు లేవు కాబట్టి బయటపడడం లేదు, అంతే.

కొండగట్టుకు పెద్ద ఒక గిజిగాడు. పేరు పచ్చన్న. ఏదులయ్య, పచ్చన్న చిన్నప్పుడు ఒకే ఇసుకలో ఆడుకున్నవాళ్లే. అప్పట్లో పచ్చన్నకు సరైన గూడు కూడా లేదు. ఏదులయ్య తెచ్చిచ్చిన రెల్లుతోనే అల్లడం నేర్చుకున్నాడు. ఆ సంగతి పచ్చన్న మరిచిపోయాడో లేదో తెలియదు గానీ, ఏదులయ్య మాత్రం ఒక్క రోజూ మరిచిపోలేదు.

ఇప్పుడు గొడవ ఎక్కడ మొదలైందో చెబుతాను, వినండి.

వానలు వెళ్లగానే రెల్లుగట్టు ఎలుకలు పళ్లతో రెల్లు కోసి కట్టలు కట్టేవి. చలికాలం రాగానే దూరదేశం నుంచి కొంగలు వచ్చి ఆ రెల్లు కొనేవి. తాము అల్లిన బుట్టలు ఎలుకలకు అమ్మేవి. బుట్టకు ఐదు రేగుపండ్లు. చుక్క నీరు దూరని బుట్టలవి. ఎలుకలకు బుట్టలెందుకు అంటారా? ఏరు పొంగితే కలుగుల్లోకి నీళ్లు వస్తాయి. అప్పుడు పిల్లల్ని బుట్టలో పెట్టి పొద మీదికి ఎక్కించుకోవాలి. బుట్ట లేని తల్లికి వానాకాలం కంటి మీద కునుకుండదు.

ఇంతలో పచ్చన్న, అతని బంధువులు కూడా బుట్టలు అల్లడం మొదలుపెట్టారు. బుట్టకు ఏడు పండ్లు. పైగా నీళ్లు కారేవి. ఎవరు కొంటారు? ఎవరూ కొనలేదు. పచ్చన్న అడవి సభలో నిలబడి దండం పెట్టాడు.

"మా బుట్టలు ఇప్పుడిప్పుడే నడక నేర్చుకుంటున్నాయి. కొంగల బుట్టల మీద సుంకం వెయ్యండి. మేమూ కాళ్లమీద నిలబడతాం" అన్నాడు.

సభ ఒక్క ఏడాదికని సరేనంది. కొంగల బుట్ట ఒక్కోదానికి మూడు పండ్లు సుంకం. ఐదూ మూడూ ఎంత? వేళ్లు మడవండి. ఎనిమిది. ఇప్పుడు పచ్చన్న బుట్టే చవకైంది. కొండగట్టు మీద పండగ. రెల్లుగట్టు మీద ఏడుపు. దానికి తోడు, "మా బుట్టలు మీరు కొనకపోతే, మీ రెల్లు మేమెందుకు కొనాలి?" అని కొంగలు మొహం మాడ్చుకున్నాయి.

ఇది అన్యాయమా అంటే, అన్యాయమే. కొండగట్టు పిట్టలు బాగుపడడానికి ఇవతలి ఎలుక తన నోటి దగ్గరి పండు ఎందుకు ఇవ్వాలి? నేనైతే గిన్నెలు విసిరేసేదాన్ని.

అయితే దీనికి ఒక మార్గం ఉంది. ఏనాడో రెండు గట్లూ ఒక్క అడవిగా కలిసినప్పుడు, ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక, ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఏడాదికోసారి ఎండాకాలం చివర సభ జరుగుతుంది. తేల్చవలసిన ఒక్కో విషయానికి ఒక్కో ఆకు బండ మీద పరుస్తారు. ఒక్కో గట్టుకు ఒక్క అడ్డురాయి ఉంటుంది. నచ్చని విషయం ఏదైనా ఉంటే దాని ఆకు మీద ఆ రాయి పెట్టవచ్చు. రాయి పెడితే ఆ పని ఏడాదిపాటు ఆగిపోతుంది. ఎవరూ కాదనకూడదు. కానీ ఏడాదికి ఒక్క రాయే, ఒక్క ఆకు మీదే. పెట్టిన రాయిని మళ్లీ సభ దాకా ఎత్తడానికి లేదు.

సభకు నెల ముందు ఎలుకలన్నీ ఏదులయ్య దగ్గరికి వచ్చాయి. ముందు నిలబడింది చుంచమ్మ. ఏడుగురు పిల్లల తల్లి. రెల్లు కోతలో ఆమెను మించినవాళ్లు లేరు.

"ఏదులన్నా, మాకు పెద్ద కోరికలేమీ లేవు. ఈసారి ఆ సుంకం ఆకు మీద మన రాయి పెట్టు. ఇంకేమీ వద్దు" అంది.

"పెడతాను, తల్లీ. మన గట్టు మన ఇష్టం! నా మాట నమ్ము" అన్నాడు ఏదులయ్య.

ఆ మాట అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడు. నేను అబద్ధం చెప్పను.

సభ ఏర్పాట్ల కోసం ఏదులయ్య కొండగట్టుకు వెళ్లవలసి వచ్చింది. అక్కడ పచ్చన్న కొత్త గూడు చూశాడు. మూడు గదుల గూడు. కింద గదిలో పచ్చన్న పిల్లలు మేను వాల్చి ఊగుతున్నారు. "రా ఏదులూ, కూర్చో. మా ఇల్లు ఎలా ఉంది?" అని పచ్చన్న నోరారా అడిగాడు.

"గాలికి పడిపోదూ?" అన్నాడు ఏదులయ్య. అతని ముళ్లు టకటకా లేచాయి. అది మొదటిసారి.

అక్కడినుంచి గాదె దగ్గరికి నడిచాడు. ఈ గాదె సంగతి మీకు చెప్పలేదు కదూ. అడవి మొత్తానికీ గింజలు దాచే గాదె అది. ఏరు ఎంత పొంగినా నీళ్లు అందకూడదని కొండ మీద కట్టారు. చారలమ్మ అనే ఉడుత దాన్ని చూసుకునేది. ఎండాకాలంలో అందరూ గింజలు వేసేవారు. వానాకాలంలో కావలసినవాళ్లు తీసుకునేవారు. "వానలు వెళ్లాక ఇంత పని చేసి తీరుస్తాను" అని ఒకరు మాటివ్వాలి. "తప్పితే నేను తీరుస్తాను" అని ఇంకొకరు పూచీ ఉండాలి. అంతే, చారలమ్మ దోసిళ్లతో కొలిచి ఇచ్చేది. ఏడేళ్లకోసారి గాదె ఉండాలా వద్దా అని సభ మళ్లీ ఒప్పుకోవాలి. ఆ ఏడేళ్లు ఈ ఏడాదితో నిండాయి.

ఆ రోజు గాదె దగ్గర సందడిగా ఉంది. కొండగట్టు పిట్టలు గింజలు తెచ్చి పోస్తున్నాయి. ఏదులయ్య కళ్లు ఆ కుప్ప మీదే ఉన్నాయి.

"ఎంత పోగేశారే!" అన్నాడు పళ్లు బిగించి.

"పోస్తేనే కదా అన్నా, తియ్యడానికి ఉండేది" అంది చారలమ్మ. "నిరుడు వానల్లో తీసుకున్నవాళ్లలో ముప్పాతిక మంది మీ గట్టువాళ్లే."

ఆ మాట ఏదులయ్య చెవిన పడింది కానీ లోపలికి పోలేదు. గాదె కొండ మీద ఉంది. పోసేది పిట్టలు. కాబట్టి గాదె పచ్చన్నది. అతని బుర్రలో లెక్క అంతే. ముళ్లు మళ్లీ లేచాయి. అది రెండోసారి.

మూడోసారి ఎక్కడో తెలుసా? సొంత ఇంట్లో! సభకు ముందు రోజు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి, గుమ్మంలో ఒక కొత్త బుట్ట. పచ్చన్న అల్లిన బుట్ట.

"ఇదెవరు తెచ్చారు?" అని అరిచాడు.

"నేనే" అంది అతని భార్య సూదమ్మ. "కొంగ బుట్టకు ఎనిమిది పెట్టలేక ఏడు పెట్టి ఇది కొన్నాను. రేపు ఆ సుంకం ఆపి రా, ఇంకోటి కొంగల దగ్గరే కొంటాను. అయినా, ఈసారి అల్లిక బాగానే కుదిరిందయ్యా. నీళ్లు పోసి చూశాను, కారలేదు."

ముందు చెప్పిన మాటలన్నీ ఏదులయ్య వినలేదు. ఆఖరి మాట ఒక్కటే విన్నాడు. ముళ్లన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆ పూట అన్నం కూడా సయించలేదు.

తెల్లవారింది. ఏటి మధ్య తిన్నె మీద సభ కూడింది. సభకు పెద్ద తాబేలవ్వ. బండ మీద రెండు ఆకులు పరిచింది.

"మోదుగాకు సుంకానికి. టేకాకు గాదెకు. కొండగట్టువాళ్లు ఈ ఏడు తమ రాయి వాడరట. ఏదులయ్యా, మీ మాటేమిటి?" అని అడిగింది.

ఏదులయ్య రాయి చేతిలోకి తీసుకుని ముందుకు వచ్చాడు. అటువైపు పచ్చన్న మొహం వాడిపోయింది. రాయి మోదుగాకు మీదే పడుతుందని అతనికి తెలుసు. రెక్కలు ముడుచుకుని మూల కూర్చున్నాడు. ఏదులయ్య ఆ మొహం చూశాడు. కాస్త హాయిగా అనిపించింది. మోదుగాకు వైపు ఒక అడుగు వేశాడు.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఒక ముసలి ఎలుక పక్కవాడితో అంది. "పచ్చన్న గాదె కూడా ఇవాళే తేలుతుందిటగా."

అందరూ అలాగే అనేవారు. కొండ మీద ఉంది కాబట్టి పచ్చన్న గాదె. అందులో తప్పేమీ లేదు. కానీ తన గట్టు ఎలుక నోట పచ్చన్న పేరు వినేసరికి ఏదులయ్య అడుగు ఆగిపోయింది.

'సుంకం ఆగితే వీడికి ఏం పోతుంది? బుట్టలు అమ్ముడుపోవు, అంతే. ఇంట్లో కూర్చుని మళ్లీ అల్లుకుంటాడు. గాదె పోతే? ఆ కుప్ప ఉండదు. ఆ సందడి ఉండదు. పచ్చన్న గాదె అనే మాటే ఉండదు' అనుకున్నాడు.

గిర్రున తిరిగి టేకాకు దగ్గరికి వెళ్లాడు.

"ఏదులయ్యా, దీని మీదేనా?" అని తాబేలవ్వ అడిగింది. మూడుసార్లు అడగడం ఆనవాయితీ.

"దీని మీదే."

"ఏదులయ్యా, ఆలోచించే చెబుతున్నావా? దీని మీదేనా?"

"మన గట్టు మన ఇష్టం! దీని మీదే."

"అన్నా, అది కాదు! మోదుగాకు! మోదుగాకు!" అని చుంచమ్మ ఎలుకల్ని తోసుకుంటూ ముందుకు ఉరికింది.

"మూడోసారి అడుగుతున్నాను" అంది అవ్వ.

ఏదులయ్య టేకాకు మీద రాయి పెట్టేశాడు.

ఎలుకలన్నీ తలలు పట్టుకున్నాయి. ఒక్క పచ్చన్న మాత్రం రెక్కలు కొట్టుకుంటూ ఎగిరాడు. అతని సుంకం నిలిచింది! గాదె పోయిందన్న దిగులు తర్వాత వచ్చింది. ముందు ఆనందమే. పచ్చన్న కూడా అంత గొప్పవాడేమీ కాదు, చూశారా?

గాదె మూసేశారు. ఎవరి గట్టు వాటా వాళ్లకు చారలమ్మ కొలిచి ఇచ్చింది. కొండగట్టుకు గంపలకొద్దీ వచ్చాయి. రెల్లుగట్టుకు నాలుగు దోసిళ్లు.

"ఇంతేనా?" అన్నాడు ఏదులయ్య.

"మీరు పోసినదానిలో తీసుకున్నది పోను మిగిలింది ఇదీ" అంది చారలమ్మ. మొన్న చెప్పలేదా అని ఆమె అనలేదు. మొహంలో మాత్రం ఆ మాట కనిపించింది.

ఏదులయ్య తగ్గుతాడా? "మన గాదె మనమే పెట్టుకుందాం" అన్నాడు. ఒక పాత పుట్టను ఊడ్చి, ఆ నాలుగు దోసిళ్లూ అందులో పోశాడు. ఏట్లోంచి నత్తగుల్లలు ఏరించి, ఒక్కో ఎలుకకు ఐదేసి పంచాడు. "ఒక గుల్ల తెస్తే ఒక దోసెడు గింజలు" అని చాటించాడు. ఎలుకలు సంబరపడ్డాయి. గుల్లలు వందలు. గింజలు నాలుగు దోసిళ్లు. ఈ లెక్క ఎవరూ వెయ్యలేదు, వేసినవాళ్లు నోరు విప్పలేదు.

వానలు పట్టాయి. మొదటి రోజు గుల్లలు తెచ్చినవాళ్లకు గింజలు దొరికాయి. రెండో రోజు తెచ్చినవాళ్లకు సగం దొరికాయి. మూడో రోజు చుంచమ్మ ఐదు గుల్లలూ పట్టుకుని వచ్చింది. పుట్టలో చేయి పెడితే మన్ను తగిలింది.

"అన్నా, పిల్లలు నిన్నటినుంచి ఏమీ తినలేదు" అంది.

"రేపు రా, తల్లీ" అన్నాడు ఏదులయ్య.

చుంచమ్మ ఆ గుల్లలు తీసుకుని వానలో ఏరు దాటింది. కొండగట్టు మీద వాటిని ఎవరూ ముట్టుకోలేదు. "ఇవి మీ గట్టు గుల్లలు, మా గట్టులో చెల్లవు" అన్నారు. ఆమె మళ్లీ ఏదులయ్య గడప తొక్కలేదు. రెండు రోజులు చూసింది. పిల్లల్ని ఒక్కొక్కర్నీ నోట కరుచుకుని, పళ్ల చెట్లు వెతుక్కుంటూ పడమటి వైపు వెళ్లిపోయింది. ఆరుగురినే తీసుకెళ్లింది. అందరికంటే చిన్నది ఆకలికి తాళలేక ముందు రోజే పోయింది.

ఈ మాట చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. కానీ చెప్పాలి. పెద్దవాళ్ల కడుపుమంటకు పస్తులుండేది ఎప్పుడూ పిల్లలే.

చుంచమ్మ వెనకే మిగతా ఎలుకలూ వెళ్లాయి. వానలు వెళ్లాయి. రెల్లు ఏనుగెత్తు పెరిగింది. కోసేవాళ్లు లేరు. కొంగలు వచ్చి, ఒక్క కట్ట కూడా లేదని చూసి, "ఇంకో ఏరు చూసుకుంటాం" అని ఎగిరిపోయాయి. రెల్లు లేక పచ్చన్న, అతని బంధువులు కూడా అల్లడం మానేశారు.

ఆ కబురు వినగానే ఏదులయ్య కళ్లు మెరిశాయి. "పచ్చన్న బుట్టలు ఆగిపోయాయా? నిజంగానా?" అని రెండుసార్లు అడిగాడు. చూసి రావడానికి ఏరు దాటి వెళ్లాడు కూడా. మూతపడిన గాదె చూశాడు. ఖాళీ కొమ్మల కింద దిగులుగా కూర్చున్న పిట్టల్ని చూశాడు. అతను కోరుకున్నదంతా కళ్ల ముందే ఉంది. ఎంత సంతోషమో! ఆ సంతోషం ఇంటికి వచ్చేదాకా ఉంది. ఇంట్లో సూదమ్మ ఖాళీ చేతులతో గుమ్మంలో కూర్చుని ఉంది.

"చూసి వచ్చావా? కడుపు నిండిందా?" అని అడిగింది.



మళ్లీ ఎండాకాలం చివర సభ కూడింది. పడమటినుంచి ఎలుకలు చిక్కి శల్యమై తిరిగొచ్చాయి. రెల్లుగట్టుకు పెద్ద ఎవరని అవ్వ అడిగింది. ఏదులయ్య లేవబోయాడు. ఎలుకలన్నీ చుంచమ్మ వైపు తిరిగాయి. ఎవరూ అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది.

చుంచమ్మ టేకాకు జోలికి పోలేదు. గాదె తెరవమంది. మోదుగాకు దగ్గరికి వెళ్లి రాయి ఎత్తి పట్టుకుంది. "పచ్చన్నా, మూడు పండ్లు మేం కట్టలేం. నువ్వే చెప్పు, పెట్టమంటావా?" అని అడిగింది. పచ్చన్న తల దించుకుని, "ఒక్క పండు చాలు" అన్నాడు. ఆమె రాయి పక్కన పెట్టేసింది. ఇంత చిన్న బేరం! నిరుడే కుదిరేది కాదూ?

గాదె తెరిచారు. వరసలో అందరికంటే చివర ఏదులయ్య నిలబడ్డాడు. అతని వంతు వచ్చింది.

"ఏం పని చేసి తీరుస్తావు, అన్నా?" అని చారలమ్మ అడిగింది.

"రెల్లు కోస్తాను" అన్నాడు ఏదులయ్య. జీవితంలో ఎప్పుడూ కోయలేదు.

"నీకు పూచీ ఎవరు?"

ఏదులయ్య తన గట్టువాళ్ల వైపు చూశాడు. ఒకరు ఆకాశం చూశారు. ఒకరు కాళ్లు చూసుకున్నారు. చుంచమ్మ అతని కళ్లలోకే సూటిగా చూసింది కానీ నోరు తెరవలేదు. ఆమెను తప్పు పట్టగలమా?

"నేను పూచీ" అన్నారెవరో పైనుంచి.

పచ్చన్న.

ఏదులయ్యకు భూమి చీలితే బాగుండుననిపించింది. "నువ్వా? ఎందుకురా? నీ గాదె మూయించింది నేనే కదా?" అన్నాడు.

"నా గాదె ఏమిటి? అందరిదీ" అన్నాడు పచ్చన్న విసుగ్గా. "నీ మీద జాలితో అనడం లేదు. నువ్వు రెల్లు కోస్తేనే నేను బుట్ట అల్లేది. ఈ ఏడాది పని లేక కూర్చుంటే నాకు ఆ మాత్రం తెలిసింది. తీసుకుని వెళ్లు, సూదమ్మ ఎదురుచూస్తుంటుంది."

చారలమ్మ రెండు దోసిళ్లు కొలిచింది. ఏదులయ్య చేతులు చాచాడు. లోకంలో ఎవరి మంచి చూసి ఓర్వలేకపోయాడో, వాడి మాట మీద దొరికిన గింజలు అవి. అయినా ఒక్క గింజ కూడా కింద పడకుండా, రెండు చేతులా పొదివి పట్టుకుని, ఇంటికి నడిచాడు.

నీతి: ఎదుటివాడికి లేకుండా చెయ్యాలని చూసేవాడు, తనవాళ్లకు ఏం కావాలో అడగడం మరిచిపోతాడు.